కట్టెలు చీల్చు యంత్రము

ఎండలు ముదిరి తొలకరి దగ్గరపడునప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతపు మెట్టపల్లెలలో ఇంటింటి వెనుకను గొడ్డలి చప్పుడు వినవచ్చుట పూర్వము సర్వసామాన్యము. వానలు పడిన పిదప ఎండుకట్టె దొరకదు. దొరికినను పొయ్యిలో మండదు. అందుచేత రోహిణికార్తె దాటకముందే గృహస్థులు కట్టెలు చీల్చి, చూరు క్రిందనో పశువుల కొట్టమునందో పేర్చుకొనెడివారు. 1999లో దీపం పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చిన తరువాత అనేక గృహములలో గ్యాసుపొయ్యి వెలసినది. అయినను కట్టెతో పని తీరిపోలేదు. స్నానమునకు నీళ్లు కాచుటకును, పెండ్లి వంటలకును, ఇటుక బట్టీలకును, కడపట చితికిని కట్టెయే కావలెను.

ఆ కట్టెలో అధికభాగము నేడు సర్కారు తుమ్మ. ఇది ఈ దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండము నుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున దాని విత్తనములు తెప్పించి మన దేశమున నాటించిరి. పశువులు దాని కాయలు తిని పోయిన చోటనెల్ల మొలకెత్తి, అది చెరువు కట్టలను, బీడు భూములను ఆక్రమించినది. ముల్లు ఎంత చెడ్డదో నిప్పు అంత మంచిది. దానితోపాటు నల్లతుమ్మ, వేప, చింత మొద్దులును కట్టెల అడితికి వచ్చును. వీనిలో చింత మొద్దును చీల్చుట ఎంత కష్టమో గొడ్డలి పట్టినవారికే తెలియును.

మొద్దును చీల్చుట ఎందుకు? పొయ్యిలో పట్టుటకే యని తోచును. కాని ముఖ్యకారణము వేరొకటి కలదు. పచ్చి కట్టె తూకములో ఇంచుమించు సగము నీరే. కట్టె మండవలెనన్న ముందు ఆ నీరు ఆవిరి కావలెను. ఒక కిలో నీటిని కాచి ఆవిరి చేయుటకు సుమారు 600 కిలోకేలరీల వేడి పట్టును. తేమ బొత్తిగా లేని కట్టె కిలో ఒక్కటికి సుమారు 4,500 కిలోకేలరీల వేడినిచ్చును. కాబట్టి కిలో పచ్చి కట్టెలో అరకిలో కట్టె, అరకిలో నీరు ఉన్నవనుకొనిన, ఆ అరకిలో కట్టె ఇచ్చు 2,250లో 300 నీటికే ఖర్చయి, మిగులునది 1,950 మాత్రమే. వేడి తగ్గుటయే కాదు. మంట చల్లబడి, కాలవలసిన వాయువులు కాలక పొగయై వెలువడును. ఆ పొగ త్రాగువారు పొయ్యి ముందు కూర్చున్న తల్లులు, వారి ఒడిలోని పిల్లలు. కన్నుల మంట చూడగనే తెలియును; ఊపిరితిత్తులకు కలుగు హాని ఏండ్లు గడచినగాని తెలియదు.

మొద్దు మొద్దుగానే ఉన్నచో బెరడు తేమను బయటికి పోనీయదు. చీల్చినప్పుడు లోపలి ముఖములు గాలికి తగిలి నీరు త్వరగా పోవును. అందుచేత పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి, ఎండలో ఆరబెట్టి, పిదప కాల్చవలెను. గొడ్డలి వ్రేటుకు సాధారణముగా పచ్చి కట్టెయే ఎక్కువ లొంగును కూడ.

కఱ్ఱ అంతయు నిలువునా సాగిన సన్నని నారపోగుల కట్ట. ఆ పోగులను అడ్డముగా తెంచుట మిక్కిలి కష్టము. ఒకదానినుండి మరియొకదానిని నిలువుగా విడదీయుట సులభము. కనుకనే అడ్డకోతకు రంపమును, నిలువు చీలికకు గొడ్డలిని ఏర్పరచిరి. అయితే కొమ్మ పుట్టిన చోట పోగులు మెలితిరిగి కణుపుగా ముడిపడును. చింత, వేప వంటి చెట్లలో పోగులు కణుపు లేని చోట కూడ ఒకదానితోనొకటి పెనవేసికొని యుండును. అచ్చట గొడ్డలి దిగి ఇరుక్కొనును గాని మొద్దు విచ్చుకొనదు.

గొడ్డలి పని కేవలము కండబలము కాదు. తల మీదుగా వచ్చు గొడ్డలి బారెడు దూరము పరుగెత్తి కూడగట్టుకొన్న శక్తిని, కఱ్ఱలో రెండు మూడు అంగుళముల దూరములో వదలివేయును. దూరము ఎన్ని రెట్లు తగ్గెనో బలము అన్ని రెట్లు పెరుగును. కాని ఆ బలము క్షణమాత్రమే. ఆ క్షణములో మొద్దు విచ్చుకొనకున్నచో మరల ఎత్తి మరల వేయవలసినదే. దినమంతయు ఇట్లు వేయు కూలివాని నడుము నలువదియేండ్లకే అరిగిపోవుట ఆశ్చర్యము కాదు.

క్షణకాలపు దెబ్బకు బదులు, విడువక నొక్కు బలము దొరికిన బాగుండును గదా! ఈ ఊహకు దగ్గరగా వచ్చినవారు ఈ ప్రాంతపు రాళ్లు కొట్టువారు. నల్లగొండ, మహబూబ్‌నగరు గుట్టలలోని నల్లసేనపు రాతిని చీల్చుటకు వారు వరుసగా గుంతలు తొలిచి, ప్రతి గుంతలోను ఒక ఇనుప చీలను దించి, ఒకదాని తరువాత ఒకదానిని సమ్మెటతో మోదుదురు. చీలలు రాతిని ఇరుప్రక్కలకు నెట్టుచు, నెట్టుచు, తుదకు గీత గీసినట్లు చీల్చివేయును. చీల యొక్క రహస్యమిది: ఇరువది సెంటీమీటర్ల పొడవును, వెనుకభాగమున ఐదు సెంటీమీటర్ల మందమును గల చీలను ముందుకు నెట్టిన బలము, ప్రక్కలకు సుమారు నాలుగింతలై పనిచేయవలెను. ఒరపిడి దానిలో చాలభాగమును మ్రింగివేయును, మిగిలినదే చాలును. కట్టెలు చీల్చు యంత్రములో మొద్దును విడదీయునది ఇట్టి చీలయే. దానిని నెట్టు చేయి మాత్రము వేరు.

ఆ చేయి ద్రవము. ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ (1623-1662) మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ పీడనము తగ్గక అన్ని దిక్కులకును ప్రసరించునని నిరూపించెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1663లో అచ్చయినది. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యము గల చిన్న ముషలకమును పది కిలోల బలముతో నొక్కినచో, దానితో కలిసియున్న నూరు చదరపు సెంటీమీటర్ల పెద్ద ముషలకము మీద వేయి కిలోల బలము పడును. ఇది ఉచితముగా వచ్చిన లాభము కాదు. చిన్నది నూరు సెంటీమీటర్లు నడచినగాని పెద్దది ఒక సెంటీమీటరు కదలదు.

ఈ సూత్రము పనిముట్టగుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఇంగ్లండులో తాళములు చేయు జోసెఫ్ బ్రామా 1795లో ద్రవపీడన యంత్రమునకు హక్కు పొందెను. ఆయనకు కలిగిన చిక్కు, ముషలకము ప్రక్కనుండి నీరు కారిపోవుట. ఆయనవద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దానికి తోలు గిన్నె వంటి బిళ్లను అమర్చెనని చెప్పుదురు. నీరు ఎంత గట్టిగా నొక్కిన ఆ తోలు అంచు అంత గట్టిగా గోడకు అతుకుకొనును. సైకిలు పంపులోని వాషరును విప్పి చూచిన పిల్లలకు ఇది క్రొత్త కాదు. నేడు పల్లెలో మట్టిని కుమ్మరించు ట్రాక్టరు ట్రాలీయు, గుంతలు త్రవ్వు జె.సి.బి.యు ఈ సూత్రముతోనే నడచుచున్నవి.

కట్టెలు చీల్చు యంత్రము చలిదేశములలో బాగుగా వ్యాపించినది. అచ్చట ఇల్లు వెచ్చబెట్టుకొనుటకే బండ్లకొలది కట్టె కావలెను. దానిలో ఒక ఉక్కు దూలము, దానిపై పొడవైన గొట్టము, గొట్టములో ముషలకము, దానికెదురుగా ఉక్కు చీల ఉండును. ఇంజను పంపును త్రిప్పును. పంపు తొట్టిలోని నూనెను గొట్టములోనికి నెట్టును. గొట్టపు వ్యాసము పది సెంటీమీటర్లయినచో ముషలకపు వైశాల్యము సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. నూనె పీడనము చదరపు సెంటీమీటరుకు 200 కిలోలైనప్పుడు మొద్దుపై పడు బలము 15,700 కిలోలు, అనగా పదునైదు టన్నులకు పైమాట. పెద్ద యంత్రములలో ఇది ఇరువదియైదు, ముప్పది టన్నుల వరకు ఉండును.

ఇంత బలమునకు పెద్ద ఇంజను కావలదా? ఇచ్చటనే నేర్పంతయు ఉన్నది. 15,700 కిలోల బలముతో సెకనుకు ఐదు సెంటీమీటర్ల వేగముతో నెట్టవలెనన్న పది అశ్వశక్తులకు మించి పట్టును. సెకనుకు రెండు సెంటీమీటర్లే చాలుననిన నాలుగు అశ్వశక్తులకు కొంచెము పైన సరిపోవును. అందుచేత పంపును రెండంచెలుగా చేసిరి. చీల మొద్దును తాకువరకు పంపు ఎక్కువ నూనెను తక్కువ పీడనముతో పంపగా ముషలకము త్వరగా వచ్చును. మొద్దు ఎదురుతిరిగి పీడనము పెరిగినంతనే పెద్ద అంచె దానంతట అది విడిపోయి, చిన్న అంచె ఒక్కటియే కొద్ది నూనెను మహాపీడనముతో పంపును. యంత్రపు చప్పుడు మారుటచేత పనివానికి ఆ సంగతి చెవికే తెలియును. కణుపు మరీ మొండిదైనచో రక్షణ కవాటము తెరచుకొని నూనె తొట్టికి మరలిపోవును; గొట్టము పగులదు.

నూనె సంగతిలో ఈ జిల్లాలకు ఒక చుట్టరికము కలదు. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములు చిరకాలము ఆముదపు సేద్యమునకు పేరుపొందినవి. మోటారుబండ్లకు ద్రవపు బ్రేకులు వచ్చిన తొలి దినములలో వాడిన ద్రవము ఆముదమును ఆల్కహాలును కలిపినదే. ఖనిజ తైలము తగిలిన సహజ రబ్బరు ఉబ్బి చెడును. ఆముదము దానిని చెరుపదు. కృత్రిమ రబ్బరులు వచ్చిన తరువాత ఖనిజ తైలమే ఈ యంత్రములలో వాడుకయైనది.

ఇట్టి యంత్రమును ఒక్క కుటుంబము కొనుట వివేకము కాదు. ఏటికి నాలుగు బండ్ల కట్టె కొరకు కొన్నది మిగిలిన దినములు త్రుప్పు పట్టును. అడితివారికి, ఇటుక బట్టీలవారికి, లేదా ఊరూర తిప్పి బాడుగకిచ్చు ట్రాక్టరు యజమానికి అది తగును. ఎఱ్ఱనేలల దుమ్ము దానికి ప్రధాన శత్రువు. తొట్టి మూత తెరచినప్పుడు పడిన చిటికెడు ఇసుక పంపును గీకివేయును. నూనె పాలవలె తెల్లబారినచో దానిలో నీరు చేరినదని గ్రహింపవలెను.

దాని అపాయములు గొడ్డలి అపాయముల వంటివి కావు. గొడ్డలి తప్పిన సంగతి తెలియును. ఈ ముషలకము మెల్లగా వచ్చును గనుక మనుష్యుడు ఏమరును. మొద్దును సర్దుచున్న చేయి ఒకరిది, మీట త్రిప్పు చేయి మరియొకరిదియైనప్పుడే వ్రేళ్లు పోవును. కనుక రెండు పనులును ఒక్కడే చేయవలెను, పిల్లలు దరిచేరరాదు. మెలితిరిగిన మొద్దు పగిలి ముక్క ఎగిరిపడవచ్చును. అన్నిటికంటె మోసకరమైనది రబ్బరు గొట్టములోని సూదిబెజ్జము. దానినుండి చిమ్ము నూనె ధార కంటికి కనబడక చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము చీమకాటంత, లోపలి కండ కుళ్లి చేయి తీసివేయవలసి రావచ్చును. కారు చోటును చేతితో తడుమక అట్టముక్కతో వెదకవలెను. ధార తగిలినచో నొప్పి లేకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కట్టెలు కొట్టి బ్రదుకువారి మాట ఏమి? ఇది యంత్రశాస్త్రము విప్పలేని చిక్కు. అడితి యజమాని ఒక్కడే యంత్రమును కొన్నచో ఇద్దరు పనివారు మిగిలి తక్కినవారు ఇంటికి పోవుదురు. కూలివారే కలిసి కొన్నచో నడుములు నిలుచును, కూలియు నిలుచును. కాని వారికి అప్పు పుట్టుట కష్టము. మరియొక చిక్కు చెట్లది. చీల్చుట సులభమైన కొలది నరకుటకు చేయి తొందరపడును. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ప్రకారము చెట్టు నరకుటకు సాధారణముగా అనుమతి పొందవలెను. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలో ఉండి, 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన అమ్రాబాదు అడవి పులుల అభయారణ్యము. అచ్చటి చెట్టుపై గొడ్డలి వేయుటయే నేరము. సర్కారు తుమ్మ విషయములో మాత్రము, ఎంత కొట్టిన అంత మేలని పొలములు పోగొట్టుకొన్న రైతులందురు.

అడితిలో చింత మొద్దును యంత్రముపై పెట్టినప్పుడు అది ఠప్పున పగులదు. చీల లోనికి పోవుచుండగా మూలుగుచు, నీరు కార్చుచు, మెల్లగా విచ్చుకొనును. రెండు సగములు విడివడిన తరువాతను కొన్ని నారపోగులు వానిని కలిపి పట్టుకొనియే ఉండును. వానిని తెంచుటకు యంత్రము ప్రక్కన ఒక చిన్న గొడ్డలిని ఆనించి ఉంచుదురు.