ముందు ఒక ఎకరంలో

కొత్త డిజిటల్ సాధనాన్ని జనంలోకి ఎలా తీసుకువెళ్లాలో చెప్పే పాఠాలకు మూలమైన సిద్ధాంతం కంప్యూటర్ గదిలో కాక మొక్కజొన్న చేలో పుట్టింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం రైతుల మధ్య ఎలా పాకిందో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 259 మంది రైతులను అడిగి తెలుసుకొని 1943లో ప్రకటించగా, అదే రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టిన ఎవరెట్ రోజర్స్ ఆ దారిని విస్తరించి 1962లో గ్రంథంగా వెలువరించాడు. కొత్త వస్తువు పాతదానికన్నా మేలుగా ఉండాలనీ, అలవాట్లకు ఒదగాలనీ, సులువుగా అర్థం కావాలనీ, కొద్దిగా వాడి చూసే వీలుండాలనీ, ఫలితం పక్కవారి కంట పడాలనీ అతడు చెప్పిన అయిదు లక్షణాలను డిజిటల్ సంస్థలు నేటికీ కొలబద్దగా వాడుకుంటున్నాయి. వీటిలో నాలుగోది, అంటే వాడి చూసే వీలు, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల రైతులకు అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఎకరాకు లక్ష రూపాయలు దాటి పెట్టుబడి మింగే మిర్చిలో ఒక్క పొరపాటు ఏడాది కష్టాన్ని తుడిచిపెట్టగలదని 2021–22లో నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు ఈ నేల కళ్లారా చూసింది. అందువల్లనే కొత్త విత్తనాన్ని చేనంతా వేయకుండా ముందు ఒక ఎకరంలో వేసి, కాపు చూసి, ఆపైన పెంచుకోవడం ఇక్కడి రైతుకు తెలిసిన పద్ధతి. పక్క రైతు సైతం గట్టు మీద నిలబడి ఆ చేను చూశాకే తన నిర్ణయం తీసుకుంటాడు. ఆలస్యంగా స్వీకరించేవారిని వెనుకబడినవారిగా లెక్కవేయడం, స్వీకరించే వేగాన్ని బట్టి మనుషులను విభజించిన రోజర్స్ వర్గీకరణలోని లోపమే తప్ప ఇలాంటి రైతు లోపం కాదు.

డిజిటల్ చెల్లింపులు పల్లెల్లో కుదురుకున్న తీరు ఈ పద్ధతికి సరిగ్గా సరిపోయింది. బ్యాంకు ఖాతాలోని డబ్బును ఫోను ద్వారా క్షణాల్లో పంపే యూపీఐని ఒక్క రూపాయి పంపి పరీక్షించుకోవచ్చు. రూపాయి చేరితేనే వంద పంపవచ్చు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ కూడా కొత్త యాప్‌ను దించుకోమని అడగకుండా, అప్పటికే చేతిలో ఉన్న వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలను అందించింది.

మిర్చి అమ్మకంలో వ్యవహారం ఇంత తేలిక కాదు. దేశంలోని మార్కెట్ యార్డులను ఒకే ఆన్‌లైన్ వేలానికి కలపడానికి 2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ–నామ్ అనే జాతీయ వ్యవసాయ విపణిని ప్రారంభించగా, గుంటూరు మిర్చి యార్డు కూడా అందులో చేరింది. గేటు దగ్గర సరుకుకు లాట్ నంబరు ఇచ్చి, నాణ్యతను పరీక్షించి, ఎక్కడి వ్యాపారి అయినా ధర పెట్టే వీలు కల్పించడం దీని ఉద్దేశం. అయితే మిర్చి కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, మచ్చు తీసి, కాయ విరిచి, రంగు, తేమ, తాలు కాయల పాలు చూసుకొని గాని ధర చెప్పడు. కారం, రంగు ఫొటోలో కనిపించేవి కావు గనుక, యార్డులోని పరీక్షశాల ఇచ్చే ఫలితంపై దూరపు వ్యాపారికి నమ్మకం కుదిరినంత మేరకే దూరపు వేలం నడుస్తుంది. ఇక్కడ యాప్ కన్నా పరీక్షశాలే అసలైన సరుకు.

పత్తిలో సమస్య మరోలా ఉంది. భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, 2025–26 సీజనుకు ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌ను తెచ్చి, మద్దతు ధరకు అమ్మదలచిన రైతు ఆధార్, భూమి వివరాలతో అందులో నమోదై, కొనుగోలు కేంద్రానికి వెళ్లే రోజును ముందుగా ఎంచుకోవాలని నిర్ణయించింది. ఆ సీజనులో పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. జిన్నింగ్ మిల్లు ముందు పత్తి బండ్లతో రాత్రింబవళ్లు పడిగాపులు పడే అవస్థను తగ్గించగల ఆలోచన గనుక దీన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. అయితే యాప్ తనకు పనికొస్తుందో లేదో రైతుకు తేలేది ఏడాది పంటను అమ్ముకోవాల్సిన వేళకే. ఒక బోరెం అమ్మి చూసి మిగతాది తర్వాత తేల్చుకుందామనే వీలు ఇందులో తేలిగ్గా దొరకదు. తేమ 12 శాతం దాటితే కొనరు గనుక ఎంచుకున్న రోజుకు ముందు వాన పడితే పత్తి ఆరదు, ఆరేసరికి ఆ రోజు దాటిపోతుంది. భూమి కాగితాలు యజమాని పేరున ఉండే కౌలురైతుకు, 2019 నాటి రాష్ట్ర చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం చేతిలో లేకపోతే, నమోదు దగ్గరే దారి మూసుకుపోతుంది.

రైతుకు వాడి చూసే వీలు లేనప్పుడు ఆ భారాన్ని తయారుచేసినవారే మోయాలి. పత్తి తీత మొదలు కాకముందే, చేను ఇంకా పూత మీద ఉన్నప్పుడే, రైతు సేవా కేంద్రం ముందు కౌలురైతునూ, టచ్ ఫోను లేని రైతునూ కూర్చోబెట్టి నమోదునూ తేదీ ఎంపికనూ ఉత్తుత్తిగా నడిపి చూడాలి. అక్కడ తేలిన తప్పులు సరిదిద్దాకే కొనుగోళ్లు మొదలుపెట్టాలి.