కుందలహళ్ళి కావలి కొలువు: యజమాని బాధ్యతలేమిటి?

హిందూపురం, మడకశిర, కుప్పం ప్రాంతాల పల్లెల నుండి బెంగళూరు చేరి, కుందలహళ్ళి చుట్టుపట్ల సాఫ్ట్‌వేర్ కార్యాలయాల వద్దనో, అపార్ట్‌మెంట్ల వద్దనో సెక్యూరిటీ గార్డులుగా కుదురుకొనే యువకులు కలరు. వీరికి జీతమిచ్చేది ఏజెన్సీ. కాపలా కాయించుకొనేది వేరొక సంస్థ. ఈ ఇద్దరి నడుమ కార్మికుని హక్కు జారిపోకుండ చట్టము ఇరువురినీ బాధ్యులను చేసినది.

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఏజెన్సీ నడుపరాదు. నడిపినచో ఏడాది వరకు జైలు, లేదా 25 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండునూ విధింపవచ్చును. లైసెన్సును కార్యాలయములో అందరికీ కనబడునట్లు ఉంచవలెను. గార్డు వయస్సు 18 నిండి, 65 నిండకుండవలెను. అతని పూర్వ నడవడిని విచారించి, శిక్షణ ఇప్పించి, ఫోటో గుర్తింపు కార్డు ఇవ్వవలెను. గార్డుల పేర్లు, చిరునామాలు, జీతములు రిజిస్టరులో వ్రాయవలెను.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోనికి వచ్చినవి. వీటి ప్రకారము నియామక పత్రము ఇచ్చుట తప్పనిసరి. నెల జీతము మరుసటి నెల 7వ తేదీలోగా అందవలెను. పని మానినను, మాన్పించినను రెండు పనిదినములలో బాకీ తీర్చవలెను. దినమునకు 8 గంటలు మించిన పనికి రెట్టింపు రేటున కూలి చెల్లించవలెను. అనగా 12 గంటల డ్యూటీలో చివరి 4 గంటలకు, 8 గంటల జీతమంత రావలెనన్నమాట! ఏజెన్సీ జీతము ఎగవేసినచో, గార్డును నియమించుకొన్న సంస్థయే దానిని చెల్లించి, తరువాత ఏజెన్సీ నుండి రాబట్టుకొనవలెను.

భవిష్యనిధి విషయములో మరింత జాగ్రత్త అవసరము. కార్మికుని వాటా సాధారణముగా 12 శాతము. యజమానియు అంతే కలుపవలెను. ఇ.ఎస్.ఐ.కి 2019 జూలై నుండి కార్మికుడు 0.75 శాతము, యజమాని 3.25 శాతము చెల్లించవలెను. జీతపు చీటీలో కోత కనబడినంత మాత్రమున సొమ్ము జమ అయినట్లు కాదు. యు.ఏ.ఎన్. నంబరుతో పాస్‌బుక్ చూచుకొనవలెను. ఏజెన్సీ మారినను ఆ నంబరు మారదు.

కనుక ఇంటివారు పంపునపుడే లైసెన్సు, నియామక పత్రము, యు.ఏ.ఎన్., ఇ.ఎస్.ఐ. నంబరులను అడిగి తెలుసుకొనుట మేలు. నియామక పత్రము, జీతపు చీటీల నకళ్ళను ఇంటివద్ద భద్రపరచవలెను. జీతపు బాకీపై 3 సంవత్సరముల లోపు కార్మికశాఖ అధికారి వద్ద క్లెయిము వేయవచ్చును. ఆనాడు సాక్ష్యమిచ్చునవి ఆ కాగితములే.