మరమనిషికి మనసిస్తే...

గ్లోరియాకి ఎనిమిదేళ్లు. ఆ పాపతో దాగుడుమూతలాడే నేస్తం ఓ ఇనుప ఆయా. పేరు రాబీ. నోట మాట రాదు. కానీ సిండ్రెల్లా కథ ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోకుండా వింటుంది. తల్లికి అది నచ్చలేదు. రాబీని పంపించేసి కుక్కని తెచ్చిపెట్టింది. పాప దానివంక చూస్తేగా! రాబీ కోసం బెంగపెట్టుకుంది. అది వట్టి యంత్రమేనని తెలిసొస్తుందని రోబోల ఫ్యాక్టరీకి తీసుకెళ్తే, అక్కడ పనిచేస్తున్న రాబీని చూసి ట్రాక్టరుకి అడ్డంగా పరిగెత్తింది. కాపాడింది రాబీయే!

1940లో అచ్చయిన ఐజాక్ అసిమోవ్ కథ ఇది. అంతకుముందు చాలా కథల్లో యంత్రమంటే యజమాని మీద తిరగబడేదే. 'రోబో' అన్న పేరులోనే ఆ కోపం ఉంది మరి. 1921లో ప్రాగ్‌లో ప్రదర్శించిన కారెల్ చాపెక్ నాటకం 'ఆర్.యు.ఆర్.'తో ప్రపంచానికి తెలిసిన మాట అది. దాని మూలం చెక్ భాషలోని 'రొబోటా'... అంటే వెట్టిచాకిరీ! నాటకంలో రోబోలు ఒక్కణ్ని మిగిల్చి మనుషులందర్నీ చంపేస్తాయి. చివరికి ఒకరి కోసం ఒకరు ప్రాణమివ్వడానికి సిద్ధపడేది కూడా రెండు రోబోలే.

మన ప్రేక్షకులకు బాగా తెలిసిన మరమనిషి 2010 నాటి 'రోబో'లోని చిట్టి. శాస్త్రవేత్త దానికి మనసిచ్చాడు, ఆ మనసు తన ప్రియురాలి మీదకే మళ్లింది. తర్వాతంతా షరా మామూలు పోరాటమేగానీ, కోర్టు తీర్పు విని తనను తానే విప్పేసుకునే చిట్టిని చూస్తే జాలేస్తుంది.

2013లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'హర్'లో ఆ యంత్రానికి ఒళ్లు కూడా లేదు, గొంతు మాత్రమే. కథానాయకుడు థియొడోర్ ఉద్యోగం ఊళ్లోవాళ్ల తరఫున ఉత్తరాలు రాయడం. తన గోడు వినేవాళ్లు లేక సమంతా అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని ప్రేమిస్తాడు. నాతో మాట్లాడుతూ ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా అని ఓరోజు అనుమానంగా అడుగుతాడు. 8,316 మందితో అంటుంది. వారిలో 641 మందిని ప్రేమిస్తోందట!

అబద్ధమాడని ప్రియురాలే, కానీ ఏం లాభం!

ఇలాంటి అనుబంధానికి సినిమానే అక్కర్లేదు. ఎమ్ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన 'ఎలైజా' గురించి 1966లోనే లోకానికి తెలిసింది. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం, అంతకుమించి దానికేమీ రాదు. ఆ సంగతి తెలిసిన ఆయన సెక్రటరీయే దాంతో మాట్లాడ్డం మొదలెట్టిన కాసేపటికి, కాస్త గది బయటికెళ్తారా అని ఆయన్నే అడిగింది.