పొదుపు కూడా ఉత్పత్తియే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. స్తంభాలు కూలి నగరం చీకటిలో మునిగింది. తరువాత వీధులలో పాతరకం దీపాల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు అమర్చారు. ఇందువల్ల లాభమేమిటి? ఇంటి దీపంతో లెక్క చూద్దాం.

మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ కాగి వెలుగునిస్తుంది. శక్తిలో అధికభాగం వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి.లో తీగ కాగనక్కరలేదు. అర్ధవాహకంలోని ఎలక్ట్రాన్ల శక్తి నేరుగా కాంతిగా మారుతుంది. అందుచేత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగుకు 9 వాట్లు చాలు. మిగిలేవి 51 వాట్లు. రోజుకు 5 గంటల చొప్పున ఏడాదికి సుమారు 93 యూనిట్లు! బొగ్గుతో ఒక యూనిట్ ఉత్పత్తికి ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఒక్క దీపం మార్చితే ఏటా 65 కిలోల బొగ్గు మిగులుతుందన్నమాట.

ఒకరు మార్చితే ఆ ఇంటి బిల్లు తగ్గుతుంది. రాష్ట్రమంతటా కోటి దీపాలు మారితే? అవన్నీ ఒకేసారి వెలిగే సాయంవేళ 510 మెగావాట్ల భారం తగ్గుతుంది. విశాఖ సమీపాన, పరవాడ వద్దనున్న సింహాద్రి కేంద్రంలో ఒక్కొక్క యంత్రం సామర్థ్యం 500 మెగావాట్లు. ఒక యంత్రం చేసే పని పొదుపే చేసిందన్నమాట!

కోటి ఇళ్లను ఒకేసారి కదిలించడం ఏ ఒక్కరికీ సాధ్యం కాదు. అందుకు ప్రభుత్వ విధానం కావాలి. ఒక్కసారిగా లక్షల దీపాలు కొంటే ధర కూడా దిగుతుంది. అయితే చౌక అని అనవసరంగా వెలిగిస్తే లాభం హరించుకుపోతుంది. విద్యార్థులారా, మీ పాఠశాల దీపాల వాట్లను నేడే కూడి చూడండి.