కోడు మారింది, కామెంటు మారలేదు

రాజవొమ్మంగి అనే ఊరి పేరు రాసి అక్షరాలు లెక్కపెట్టండి. రా, జ, వొ, మ్మం, గి. ఐదు. అదే పేరిచ్చి పొడవెంతని ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3ని అడిగితే 11 అంటుంది. పాత పైథాన్ 2, యూటీఎఫ్-8లో రాసిన మామూలు స్ట్రింగుకైతే, 33 అనేది. ఎవరి లెక్కా తప్పు కాదు. మనం పలికే అక్షరాలు లెక్కపెట్టాం. పైథాన్ 3 గుణింతపు గుర్తులనూ, పొల్లునూ, సున్ననూ విడివిడిగా లెక్కపెట్టింది. పైథాన్ 2 లెక్కపెట్టింది బైట్లను. తెలుగు గుర్తు ఒక్కోటికి మూడు బైట్లు కదా!

ఆ రోజుల్లో ఒక ప్రోగ్రామరు తన ఫంక్షన్ మీద ‘పొడవు బైట్లలో వస్తుంది’ అని కామెంటు రాసుకున్నాడనుకుందాం. అప్పటికి అది నిజమే. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చాక కోడును కొత్త పద్ధతికి మార్చారు, పైనున్న ఆ వాక్యం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

కామెంటు మనిషి కోసం మనిషి రాసే మాట. కంప్యూటరు దాన్ని దాటేసి పోతుంది. కోడు తప్పితే పరీక్షలు పట్టుకోవచ్చు. కామెంటు తప్పినా అవన్నీ పాసైపోతాయి. భాషతోపాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో ఇలా జరిగితే, దాన్ని చూసి నేర్చుకునే వాళ్లంతా ఆ తప్పునూ నేర్చుకుంటారు.

ఊరి బోర్డుల మీదా ఇలాగే జరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న రాజవొమ్మంగి మండలం తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. అప్పట్లో కలెక్టరేటు కాకినాడలో కాక పాడేరులో అయింది. ఆ తర్వాత కూడా పాత జిల్లా పేరే ఉన్న బోర్డు కింద కొట్టు మామూలుగానే నడుస్తుంది, ఊళ్లోవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. బోర్డును నమ్మి అర్జీతో కాకినాడ బస్సెక్కిన కొత్త మనిషికి మాత్రం ఒక రోజు కూలి పోతుంది.

కోడుకు ఎదురుచెప్పే కామెంటు ఉండేకంటే లేకపోవడమే నయమని పైథాన్ రాత నియమాల పత్రం పెప్ 8 అంటుంది. నిజమే గానీ, పాతదల్లా చెరిపేయడమూ తొందరపాటే. పైథాన్‌లో కీ-విలువ జతలు దాచే డిక్షనరీలో వేసిన వరుస నిలుస్తుందన్న హామీ 2018లో, పైథాన్ 3.7తో వచ్చింది. అంతకుముందు రాసిన ‘వరుస నిలవదు, అందుకే సార్ట్ చేస్తున్నాం’ అన్న కామెంటులో మొదటి సగం ఇవాళ చెల్లదు. రెండో సగం? ఆ జాబితా అకారాది క్రమంలోనే కావాలేమో. ఏ మార్పుతో ఆ వాక్యం వచ్చిందో కోడు మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో చూసిగానీ చెయ్యి పెట్టకూడదు. ‘ఎందుకు’ అని చెప్పే కామెంటు చాలాకాలం నిలుస్తుంది. ‘ఏం చేస్తుంది’ అని చెప్పేదే ముందు పాతబడుతుంది.

కంప్యూటరు చదువుకునే పిల్లలు ఈ పనితో మొదలుపెట్టవచ్చు. లైబ్రరీలో ఒక ఫైలు తెరవండి. కామెంటు చదివి, దాని కింది కోడును మీ ఊరి పేరుతో నడిపి చూడండి. రెండూ పొసగకపోతే ఆ ఒక్క వాక్యం సరిచేసి పంపండి.