దారం చెప్పే దూరం, గాలి చెప్పే గంటలు

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం ముక్క తీసుకోండి. ఒక కొసను హైదరాబాదు మీద వేలితో నొక్కిపెట్టి, రెండో కొసను చికాగో దాకా బిగించి లాగండి. అది అరేబియా మీదుగా పోదు. దాదాపు తిన్నగా ఉత్తరానికి ఎక్కుతుంది. కజకిస్తాన్, రష్యాలోని ఉరల్ పర్వతాలు, ఆర్కిటిక్ సముద్రం, గ్రీన్‌లాండ్ దాటి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. గుండ్రటి భూమి మీద అంతకంటే దగ్గరి దారి లేదు. గణితంలో ఈ గీతను మహావృత్త మార్గం అంటారు.

ఇప్పుడు దారాన్ని స్కేలు మీద పెట్టండి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. దారం 31 సెంటీమీటర్లకు కాస్త పైన వస్తుంది. హెచ్చవేసి చూస్తే 13,200 కిలోమీటర్లు దాటుతుంది. అక్షాంశ రేఖాంశాలు తీసుకుని త్రికోణమితితో లెక్క కట్టినా 13,280 దగ్గరే తేలుతుంది! పిల్లల చేత ఒక్కసారైనా చేయించాల్సిన ప్రయోగం ఇది.

గోడకు తగిలించే పటం మీద ఇదే పని చేస్తే మోసపోతాం. పటాల రూపకర్త మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతిలో తయారైన పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే, అది సహారా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఆ గీత వెంట నిజంగా ప్రయాణిస్తే దాదాపు 16,100 కిలోమీటర్లు. దిక్సూచిని ఒకే దిశలో పట్టుకుని ఓడ నడిపే నావికుల కోసం గీసిన పటం అది. ఆ పనికి ఇప్పటికీ గొప్పదే, దూరం కొలవడానికి మాత్రం పనికిరాదు.

దూరం తెలిసింది కదా, గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు వస్తుంది. అసలు ప్రయాణం అంతకంటే ఎక్కువే పడుతుంది. రన్‌వే దాకా పోవాలి, పైకెక్కాలి, దిగాలి. పైగా దారం పోయిన దారిన విమానాన్ని పోనివ్వకపోవచ్చు. 2019లో పాకిస్తాన్ తన గగనతలాన్ని కొన్ని నెలలు మూసేసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోయాయి.

అన్నిటికంటే పెద్ద లెక్క గాలిది. వరద గోదావరిలో పడవ దిగువకు పోవడం, ఎగువకు పోవడం ఒకటేనా? భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను వేళ ఆ ప్రవాహంలో పడిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలకు పైనే పట్టే దూరం. నేల మీది లెక్కలో దాని వేగం ధ్వని వేగాన్ని మించింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి కూడా దానితో పాటే కదులుతోంది.

అందుకే మనవాళ్లు ఎప్పుడు దిగుతారో దూరాన్ని బట్టి లెక్కించకండి, టికెట్టు చూడండి. హైదరాబాదులో మధ్యాహ్నం 12:50కి ఎక్కి, చికాగోలో అదే తేదీ సాయంత్రం 6:05కి దిగారనుకుందాం. చూడటానికి ఐదుంబావు గంటలే. చలికాలంలో రెండు ఊళ్ల గడియారాల తేడా పదకొండున్నర గంటలు, అది కలిపితే 16 గంటల 45 నిమిషాలు. అప్పటికి మనకు మర్నాడు తెల్లవారుజాము 5:35. మార్చి రెండో ఆదివారం నుంచి అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి, వేసవిలో చికాగో సాయంత్రం 6:05 అంటే మనకు 4:35.