కొత్త అక్వేరియంలో అమ్మోనియా

కొత్తగా ఏర్పాటు చేసిన అక్వేరియంలో మొదటి కొన్ని వారాలపాటు అమ్మోనియా పేరుకొని చేపలకు ప్రాణహాని కలిగించే స్థితిని కొత్త తొట్టి సమస్య అంటారు. ఈ స్థితిలో నీరు కంటికి స్వచ్ఛంగానే కనిపిస్తుంది, వాసన కూడా రాదు. అయినప్పటికీ చేపలు ఒకదాని తరువాత ఒకటి మరణిస్తాయి. దీనిని చాలామంది అంటువ్యాధిగా పొరబడి మందులు వాడతారు. నిజానికి చేపల విసర్జితాలను మార్చగల బాక్టీరియా తొట్టిలో ఇంకా పెరగకపోవడమే దీనికి కారణం. అమ్మోనియాను తరచూ కొలుస్తూ, నీటిని మారుస్తూ, మేతను తగ్గిస్తూ బాక్టీరియా వృద్ధి చెందేవరకు వేచి ఉంటే చేపలను కాపాడవచ్చు.

అమ్మోనియా పుట్టుక

చేపలు ఆహారంలోని మాంసకృత్తులను వినియోగించుకొన్న తరువాత మిగిలిన నత్రజనిని ప్రధానంగా అమ్మోనియా రూపంలో విసర్జిస్తాయి. మనుషుల శరీరం ఈ నత్రజనిని యూరియాగా మార్చి మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. చేపల చుట్టూ ఎల్లప్పుడూ నీరు ఉంటుంది కనుక వాటి రక్తంలోని అమ్మోనియాలో అధిక భాగం మొప్పల గుండా నేరుగా నీటిలో కలుస్తుంది. తినకుండా మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు, చనిపోయి గమనించకుండా ఉండిపోయిన చేప కూడా అమ్మోనియాను విడుదల చేస్తాయి.

చెరువులోనో నదిలోనో ఈ అమ్మోనియా విస్తారమైన నీటిలో పలచబడి పోతుంది. ఇంటి తొట్టిలో అలా జరగదు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిని అంచుల వరకు నింపినా అందులో పట్టేది 54 లీటర్లే.

రెండు రూపాలు

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. మొదటిది విద్యుదావేశం లేని అమ్మోనియా. ఇది మొప్పల పొరను సులభంగా దాటగలదు కనుక చాలా విషపూరితం. రెండవది అమ్మోనియం అయాను. దీని విషప్రభావం చాలా తక్కువ. పీహెచ్ గానీ ఉష్ణోగ్రత గానీ పెరిగితే విషపూరిత రూపం పాలు పెరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం వాటా సుమారుగా ఇలా ఉంటుంది:

* పీహెచ్ 6 వద్ద - 0.08 శాతం
* పీహెచ్ 7 వద్ద - 0.8 శాతం
* పీహెచ్ 8 వద్ద - 7.4 శాతం
* పీహెచ్ 9 వద్ద - 44 శాతం

విషరూపంలోని అమ్మోనియా లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించితే చేపలకు హాని మొదలవుతుందనీ, 2 మిల్లీగ్రాముల వద్ద చేపలు మరణిస్తాయనీ సాధారణంగా పరిగణిస్తారు. ఈ లెక్కన మొత్తం అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న రెండు తొట్లలో, పీహెచ్ 7 గల తొట్టిలో విషరూపం 0.008 మిల్లీగ్రాములు మాత్రమే. పీహెచ్ 8 గల తొట్టిలో అది 0.074 మిల్లీగ్రాములు, అనగా హాని కలిగించే స్థాయి. అందువలన పీహెచ్ తెలియకుండా అమ్మోనియా అంకె ఒక్కటే చూసి ప్రమాదాన్ని అంచనా వేయలేము. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో పలుచోట్ల బోరు నీరు కఠినంగా, కొంత క్షారగుణంతో ఉంటుంది. వేసవిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటడం కూడా సాధారణమే. ఈ రెండు కారణాల వలన ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం.

నత్రీకరణం

అమ్మోనియాను బాక్టీరియా మొదట నైట్రైట్‌గాను, తరువాత నైట్రేట్‌గాను మార్చే ప్రక్రియను నత్రీకరణం అంటారు. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ బాక్టీరియాను వేరుచేసి, ఈ రెండు దశలను వేర్వేరు జీవులు నిర్వహిస్తాయని చూపాడు. రెండవ దశను నైట్రోబాక్టర్ నిర్వహిస్తుందని చాలా కాలం భావించారు. అయితే మంచినీటి అక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా నైట్రోస్పైరా వర్గానిదని 1998లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. నైట్రోస్పైరాలో కొన్ని రకాలు రెండు దశలనూ ఒంటరిగానే పూర్తి చేయగలవని 2015లో వెల్లడైంది.

ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండటం కంటె ఫిల్టరులోని స్పాంజికి, గులకరాళ్ళకు, ఇసుకకు అంటిపెట్టుకొని జీవించడమే ఎక్కువ. ఇతర బాక్టీరియాతో పోలిస్తే వీటి పెరుగుదల చాలా నెమ్మది. అందుచేత కొత్త తొట్టి స్థిరపడడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. ముందుగా అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, చివరకు నైట్రేట్ మిగులుతుంది. నైట్రేట్ విషప్రభావం స్వల్పం. దానిని మొక్కలు గ్రహిస్తాయి, మిగిలినది నీరు మార్చినపుడు పోతుంది.

నత్రీకరణానికి ప్రాణవాయువు, క్షారత రెండూ కావాలి. అమ్మోనియాలోని 1 మిల్లీగ్రాము నత్రజని పూర్తిగా మారడానికి సుమారు 4.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. కాల్షియం కార్బొనేట్ లెక్కలో 7 మిల్లీగ్రాములకు పైగా క్షారత తగ్గుతుంది. అందువలన మెత్తని నీటిలో కాలక్రమేణా పీహెచ్ పడిపోయి, 6 దరిదాపులకు వచ్చేసరికి నత్రీకరణం బాగా మందగిస్తుంది.

లక్షణాలు

* చేపలు నీటి ఉపరితలానికి చేరి నోరు తెరిచి గాలి కోసం ఆడించడం
* మొప్పలు వేగంగా కదలడం, ఎర్రబడి వాచినట్లు కనిపించడం
* రెక్కలను దగ్గరకు ముడుచుకొని తొట్టి అడుగున కదలకుండా ఉండటం
* మేత ముట్టకపోవడం
* శరీరంపై జిగురు పొర పెరగడం

నైట్రైట్ విషప్రభావం దీనికి భిన్నమైనది. నైట్రైట్ రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. రక్తం గోధుమ రంగుకు మారుతుంది. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల వద్ద అడ్డుకొంటుంది. 10 లీటర్లకు 1 గ్రాము ఉప్పు వేస్తే లీటరుకు సుమారు 60 మిల్లీగ్రాముల క్లోరైడు లభిస్తుంది. అయితే ఉప్పు అమ్మోనియాను తొలగించదు.

కొలిచే విధానం

అక్వేరియం దుకాణాలలో దొరికే పరీక్ష కిట్లు చాలావరకు మొత్తం అమ్మోనియానే చూపుతాయి. శాలిసిలేట్ పద్ధతిలో నీరు పసుపు నుండి ఆకుపచ్చకు మారుతుంది. ఆకుపచ్చ ఎంత ముదిరితే అమ్మోనియా అంత ఎక్కువ. కొన్ని కిట్లు అమ్మోనియాను, మరికొన్ని అందులోని నత్రజనిని మాత్రమే తెలుపుతాయి. నత్రజని అంకెను 1.2తో హెచ్చిస్తే అమ్మోనియా అంకె వస్తుంది. కొత్త తొట్టిలో చేపలు ఉన్నంతకాలం రోజూ అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ పరీక్షించడం మంచిది.

చేపలున్న తొట్టిలో చేయవలసినవి

* నీరు మార్చడం: ఇది అన్నిటికంటె త్వరగా ఫలితమిచ్చే మార్గం. లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉన్నపుడు సగం నీరు మారిస్తే 1 మిల్లీగ్రాము, మరుసటి రోజు మళ్ళీ సగం మారిస్తే 0.5 మిల్లీగ్రాము అవుతుంది. మధ్యలో చేపలు విసర్జించేది దీనికి అదనం.
* క్లోరిన్ తొలగించడం: పంపు నీటిలోని క్లోరిన్ మొప్పలను, బాక్టీరియాను దెబ్బతీస్తుంది. ఒక రోజు తెరచి ఉంచిన బకెట్టులో నిల్వచేసినా, సోడియం థయోసల్ఫేట్ కలిపినా క్లోరిన్ పోతుంది. అమెరికాలోని పలు నగరాలలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతారు. అది నిల్వ ఉంచినంత మాత్రాన సులభంగా పోదు. థయోసల్ఫేట్‌తో విడగొట్టినపుడు దానిలోని అమ్మోనియా నీటిలోనే మిగులుతుంది.
* మేత తగ్గించడం: ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు మేత లేకపోయినా తట్టుకోగలవు. మిగిలిన మేతను వెంటనే తీసివేయాలి.
* గాలి పంపు నడపడం: ప్రాణవాయువు చేపలకూ, బాక్టీరియాకూ అవసరం. విద్యుత్తు చాలాసేపు నిలిచిపోతే ఫిల్టరులోని బాక్టీరియా కూడా నశించవచ్చు.
* పాత ఫిల్టరు స్పాంజి వాడడం: ఆరోగ్యంగా నడుస్తున్న వేరొక తొట్టి నుండి స్పాంజి గానీ, గులకరాళ్ళు గానీ తడిగా తెచ్చి వేస్తే స్థిరపడే కాలం బాగా తగ్గుతుంది.
* మొక్కలు: వాలిస్నేరియా, హైడ్రిల్లా, అంతరతామర వంటివి అమ్మోనియంను నేరుగా గ్రహిస్తాయి.
* జియోలైట్: ఈ ఖనిజం మంచినీటిలో అమ్మోనియంను పట్టి ఉంచుతుంది. ఉప్పునీటిలో దీని ప్రభావం స్వల్పం.

చేపలు లేకుండా స్థిరపరచడం

చేపలను ప్రమాదంలోకి నెట్టని ఉత్తమ పద్ధతి ఇది. ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ శుద్ధమైన అమ్మోనియం క్లోరైడును వేసి, అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాముల వద్దకు తెస్తారు. 54 లీటర్లకు సుమారు 0.34 గ్రాములు చాలు. బజారులో దొరికే నవాసారం కూడా అదే పదార్థమైనా, అందులో మలినాలు ఉండవచ్చు. అమ్మోనియా తగ్గినపుడల్లా తిరిగి వేస్తూ ఉండాలి. 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఒక రోజులోపల నైట్రైట్ కూడా మిగలకుండా మాయమైతే తొట్టి సిద్ధమైనట్లే. ఆ తరువాత ఎక్కువ భాగం నీరు మార్చి చేపలను వదలవచ్చు.

సాధారణ పొరపాట్లు

* తొట్టి కొన్న రోజే చేపలన్నిటినీ ఒకేసారి వదలడం. కొద్ది చేపలతో మొదలుపెట్టి వారాల వ్యవధిలో పెంచాలి.
* ఫిల్టరు స్పాంజిని పంపు నీటితో తళతళలాడేలా కడగడం. దీనివలన బాక్టీరియా నశిస్తుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే మెల్లగా పిండాలి.
* పీహెచ్ బాగా పడిపోయిన తొట్టిలో ఒక్కసారిగా క్షారగుణం గల నీరు ఎక్కువగా పోయడం. అప్పటివరకు హాని చేయని అమ్మోనియం నిమిషాలలో విషరూపానికి మారుతుంది. ఇటువంటపుడు కొద్దికొద్దిగా, పలుమార్లు మార్చాలి.
* కారణం తెలియకుండా యాంటీబయాటిక్ మందులు వేయడం. వీటిలో కొన్ని నత్రీకరణ బాక్టీరియాను కూడా చంపుతాయి.

ఇవి కూడా చూడండి

* అక్వేరియం
* అమ్మోనియా
* నత్రజని వలయం
* మొప్పలు